చేలో దొరికిన నక్షత్ర తాబేళ్లు, పెంచాలంటే ఎలా?

మెట్టచేను
మాకు అన్నమయ్య జిల్లాలో పద్నాలుగు ఎకరాల మెట్ట ఉంది. ఏడెకరాల్లో చెనిక్కాయ, నాలుగెకరాల్లో మామిడి, మిగతాదంతా రాళ్లగుట్ట, కంప. వానలు పడ్డాక గట్ల మీద నక్షత్ర తాబేళ్లు కనబడటం మా తాత కాలం నుంచీ ఉన్నదే. ఆయన నాగలి ఆపి, తాబేలును తీసి గట్టు మీద పెట్టి, మళ్లీ మేడి పట్టుకునేవాడు. ఈ ఏడు మావాడు (ఏడో తరగతి) వాటి వెంట పడ్డాడు. నిన్నటికి ఇంట్లో నాలుగయ్యాయి. మూడు మా చేలోవే. నాలుగోది మా బావమరిది ఎక్కడి నుంచో తెచ్చిచ్చాడు. కోళ్ల గంప కింద పెట్టి టమాటా, క్యారెట్ వేస్తున్నాం. ఒకటి తింటోంది. మిగతావి తలే బయటపెట్టడం లేదు.

యూట్యూబులో ఒకాయన, ఇంటి పొలంలో తాబేళ్లు పెంచితే జాతిని కాపాడినట్టూ ఉంటుంది, నాలుగు రాళ్లూ వస్తాయి అన్నాడు. రాళ్ల సంగతి వదిలేయండి, అవి మా గుట్ట నిండా ఉన్నాయి. నాకు నిజంగానే కాపాడాలని ఉంది. చిన్నప్పుడు వానపడిన సాయంత్రం ఒక్క చుట్టు తిరిగితే ఐదారు కనబడేవి. ఇప్పుడు కాలమంతా కలిపి ఐదారు. మామిడితోటలో పావెకరం చుట్టూ మెష్ కట్టి, అందులో గుడ్లు పెట్టించి, పిల్లల్ని గుట్ట మీద వదిలితే ఎలా ఉంటుంది? మెష్ ఎంత ఎత్తు ఉండాలి, ఏం మేపాలి, పెంచినవాళ్లు ఉంటే చెప్పండి.

కుందేలు99
పందెం ఎప్పుడు పెడదాం?

లా_పాయింటు
మెష్ కొనకండి. ఫోటో పెట్టనందుకు ముందు సంతోషించండి.

నక్షత్ర తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు. 2022 సవరణకు ముందు షెడ్యూల్ 4లో ఉండేది కాబట్టి చాలామంది ఇంకా దాన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి పెద్దపులి ఉన్న జాబితాలోనే ఇదీ ఉంది. పట్టుకోవడం కూడా చట్టం లెక్కలో వేటే. శిక్ష కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా పడొచ్చు. జరిమానా పాతిక వేలకు తగ్గదు. పాము, తాబేలు లాంటి వాటి గుడ్లను కదిలించినా, గూడు చెదరగొట్టినా అదీ వేట కిందికే వస్తుంది. అంటే మీ గుడ్ల ప్లాన్ కూడా అందులో పడిపోతుంది.

మెట్టచేను
గుండె జారిపోయింది సార్. చేను మాది, చేలో తాబేలు. టమాటాలు పెట్టి సాకుతుంటే మాకే జైలా?

లా_పాయింటు
చేను మీది, తాబేలు ప్రభుత్వానిది. సెక్షన్ 39 చదవండి. అడవి జంతువు చేతికి వస్తే 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో చెప్పాలి. అది మీ చేలో తిరుగుతున్నంతవరకు మీ మీద ఏ తప్పూ లేదు. గంప కింద పెట్టిన క్షణం నుంచే తిప్పలు.

గట్టుమీదగోపి
అన్నా, ఈయన చెప్పింది నిజమే కానీ టెన్షన్ పడకు. మూడింటినీ మీవాడు ఎక్కడ పట్టాడో అక్కడే, ఈ సాయంత్రమే వదిలేయ్. దానికి కాగితాలు, పంచనామాలు ఎందుకు? తప్పిపోయిన దూడను దొడ్లోకి తోలినట్టే కదా.

లా_పాయింటు
గోపీ, మూడు సరే. నాలుగోది?

గట్టుమీదగోపి
బావమరిదిని అడగాలి.

పాతనోటు
నాలుగు తాబేళ్లు ఇంటికి నడిచొస్తే లక్ష్మి వచ్చినట్టే అనుకోవాలిగానీ చట్టం అంటారేమిటండీ. కూర్మావతారం ఊరికే ఎత్తాడా స్వామి? శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను సాకడం లేదా? ఉత్తరం దిక్కున పెట్టుకుంటే ఇంకా మంచిది.

కుందేలు99
నడిచి రాలేదు తాతగారూ, ఏడో తరగతి కుర్రాడు మోసుకొచ్చాడు.

వెటర్నరీ_వాణి
పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను, ఆవులూ గేదెలే ఎక్కువ. కానీ వానాకాలంలో ట్రాక్టరు కింద పడినవి, కుక్క కొరికినవి అంటూ తాబేళ్లు కూడా వస్తుంటాయి. మెట్టచేను గారూ, మీరు ముందు గంప తీయండి.

తల బయటపెట్టకపోవడం మొండితనం కాదు, భయం. మీరు పదిసార్లు ఎత్తి చూస్తున్నారనుకుంటా. ఎత్తగానే తాబేలు నీళ్లు వదులుతుంది, చూసే ఉంటారు. అందరూ అసహ్యంతో కింద పడేస్తారు కూడా. అది ఉత్త మూత్రం కాదు, ఎండరోజుల కోసం పొట్టలో తిత్తిలో దాచుకున్న నీళ్లు. వానాకాలంలో అయితే మళ్లీ నింపుకుంటుంది. ఏప్రిల్‌లో ఎవరైనా సరదాకి ఎత్తితే దాని ట్యాంకు ఖాళీ అయిపోయినట్టే. అందుకే రోడ్డు దాటిస్తున్నప్పుడు తప్ప ముట్టుకోవద్దంటాను. దాటించేటప్పుడు కూడా నేలకు దగ్గరగా, రెండు చేతులతో, అది ఏ వైపు పోతుంటే ఆ వైపే.

టమాటా, క్యారెట్ దాని తిండి కాదు. గరిక, గలిజేరు, రాలిన పూలు, నాగజెముడు పండు, ఇవి దాని పళ్లెంలో ఉండేవి. పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. అన్నం, పాలు, బ్రెడ్డు, కుక్కల బిస్కెట్లు పెట్టినవాళ్లను కూడా చూశాను. అలా పెంచితే డిప్ప మెత్తబడుతుంది. సున్నం చాలక, ఎండ తగలక ఎముక కరిగిపోతుంది. డిప్ప పైన తొడుక్కున్న చొక్కా కాదండీ, వెన్నెముక, పక్కటెముకలు దానికే అతుక్కుని ఉంటాయి. దానికి రంగులు వేయడం, తాడు కట్టడానికి కన్నం పెట్టడం అంటే మన ఎముకకు కన్నం పెట్టడమే. నొప్పి తెలుస్తుంది.

నాలుగోదాన్ని వెంటనే విడిగా పెట్టండి. ఎక్కడిదో తెలియని జంతువు. ముక్కులోంచి నురగ, కళ్లవాపు ఉంటే చెప్పండి. ఈ జబ్బులు బయటికి కనబడకుండా కూడా ఉంటాయి. దాన్ని మీ గుట్ట మీద వదిలితే ఉన్న ఐదారు కూడా పోవచ్చు.

మెట్టచేను
డాక్టరమ్మా, గంప తీసేశాను. ముక్కు బాగానే ఉంది. నాలుగోది సైజులో పెద్దది, తోక చిన్నది. మిగతా మూట్లో రెండింటికి తోక పొడుగు.

వెటర్నరీ_వాణి
తోక పొడుగుగా, అడుగు డిప్ప కొద్దిగా లోపలికి గుంటపడి ఉంటే మగవి. పెద్దది, తోక పొట్టిది ఆడది. అంటే మీ బావమరిది ఎక్కడో గుడ్లు పెట్టే ఆడదాన్ని ఎత్తుకొచ్చాడు. ఇవి ఆ వయసుకు రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. పెద్ద ఆడది ఒకటి పోతే ఒక చెట్టు కాదు, తోపు పోయినట్టు.

చెరువుకట్ట
మాది తెలంగాణ, మా ఊరి వైపు నక్షత్ర తాబేలు కనబడదు, నీటి తాబేళ్లే. మా ఇంటి బావిలో మా నాయినమ్మ ఒకదాన్ని వేయించింది, నీళ్లు శుభ్రంగా ఉంటాయని. ఇరవై ఏళ్లుంది. చేద వేస్తే పైకి వచ్చి చూసేది. అదీ నేరమేనా?

లా_పాయింటు
అడుగు వైపు కాళ్లు మూసుకునే తలుపుల్లాంటి మెత్తటి రేకులు ఉంటే అదీ షెడ్యూల్ 1నే. నాయినమ్మ మీద కేసు పెట్టరు లెండి.

చెరువుకట్ట
రేకులు ఉండేవి. నాయినమ్మా లేదు, బావీ పూడ్చేశాం. కానీ ఈ మధ్య చెరువు పూడికతీతలో జేసీబీ బొచ్చెలో అవే వచ్చాయి. నీళ్లు ఎండిపోతే బురదలో దిగి పడుకుంటాయి కదా, డ్రైవరుకు ఏం తెలుస్తుంది. మట్టి టిప్పరులో పోసేటప్పుడు మూడు దొర్లాయి. మేం నలుగురం ట్రిప్పు ట్రిప్పుకీ టిప్పరు వెనక నిలబడ్డాం, తాబేళ్ల చెకింగ్. ఊళ్లో ఇప్పటికీ మమ్మల్ని 'ఆర్టీవో గ్యాంగు' అంటారు.

డ్రిప్పుబాబు
నాది సత్యసాయి జిల్లా, ఆరెకరాలు. చావులు ఎక్కడ జరుగుతున్నాయో నేను చెబుతా. ఫామ్ పాండ్.

మూడేళ్ల కింద నీటి గుంట తవ్వి ప్లాస్టిక్ షీటు పరిచాను. మొదటి వానాకాలంలో నాలుగు తాబేళ్లు, ఒక ఉడుము, లెక్కలేనన్ని కప్పలు. నక్షత్ర తాబేలు ఈదలేదు. నీళ్లు తాగడానికి అంచు దాకా వచ్చి జారిందంటే షీటు మీద గోళ్లు పట్టవు. గీతలు చూశాను నేను, నల్ల షీటు మీద తెల్లగా, ఒకేచోట పైకీ కిందికీ, పైకీ కిందికీ. ఆ రోజు అన్నం సహించలేదు.

తర్వాత లావుపాటి కొబ్బరి తాడు తెచ్చి, వలలా అల్లి, రెండు మూలల్లో నీళ్లలోకి వేలాడేశా. పైన మేకుకు కట్టి, కింద ఇసుక సంచి బరువు. గట్టు చుట్టూ జానెడు ఎత్తున పాత రేకు ముక్కలు నిలబెట్టా. అప్పటి నుంచి ఒక్కటే చచ్చింది. అదీ రేకు గాలికి పడిపోయిన చోట.

మెట్టచేను
మాకూ గుంట ఉంది అన్నా. ఎప్పుడూ ఇట్లా చూడలేదు. చచ్చినవి కనబడితే కాకులు తెచ్చి వేశాయనుకునేవాళ్లం.

గట్టుమీదగోపి
డ్రిప్పుబాబు చెప్పినదానికి ఇంకోటి. పందుల కోసం కడుతున్న సోలార్ కరెంటు తీగ. పందికి షాక్ తగిలితే వెనక్కి దూకుతుంది. తాబేలుకు తగిలితే డిప్పలోకి ముడుచుకుని అక్కడే కూర్చుంటుంది. తీగ తగులుతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ షాకే. మా పక్క పొలంలో తీగ కింద రెండు చూశా, బయటికి దెబ్బే లేదు. కింది తీగ మూరెడు పైకి జరిపించాం. పందులు రెండు రాత్రులు దూరాయి, పక్కాయన నన్ను రెండు వారాలు తిట్టాడు.

కుందేలు99
పంది దూరేంత సందు ఉంటే చెనిక్కాయ మిగలదు, మూసేస్తే తాబేలు మిగలదు. మధ్యలో రైతు మిగలడు.

గట్టుమీదగోపి
నవ్వులాట కాదురా. దానికీ దారి ఉంది. మేం సోలార్ తీసేసి ముళ్లమెష్ వేసిన వైపు నేలమట్టానికి పాత సిమెంటు తూము ముక్కలు పెట్టాం. అడుగు వెడల్పు తూము, రెండడుగుల పొడవు. ముప్ఫై గజాలకు ఒకటి. పెద్ద పంది దూరదు. తాబేలు దూరుతుంది. మొదటి నెల ఏదీ వాడలేదు, మా నాన్న రోజూ పరాచికాలు. తర్వాత తూములో బూడిద చల్లి చూశాం, పొద్దున కాళ్ల గుర్తులు. ఒకటి ముంగిసది, ఒకటి మనవాడిది.

పాతనోటు
ఇన్ని తంటాలు పడే బదులు ఆయనన్నట్టు పావెకరంలో పెట్టి కాపాడటమే మేలు కదా. సముద్రం తాబేళ్లకు గుడ్లు తీసి దొడ్లో పెట్టి పొదిగిస్తున్నారుగా? మన తాబేలు ఏం పాపం చేసింది? అసలు తాబేలు తలపుతోనే గుడ్లు పొదుగుతుందంటారు పెద్దలు. మనిషి చేసేదెంత?

ఇసుకతిన్నె
మాది శ్రీకాకుళం తీరం, ఆ 'దొడ్డి' పని మూడు సీజన్లు చేశాను కాబట్టి చెప్తున్నా. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా దగ్గర ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో వందకు పైనే. కుక్కలు, నక్కలు, అలల కోత, అందుకని తీసి హేచరీలో మళ్లీ పాతుతాం. కానీ అది అటవీ శాఖ కింద జరిగే పని. రాత్రి తల్లి వెళ్లగానే, కొన్ని గంటల్లోపే తీయాలి. ఆలస్యమైతే లోపల పిండం పైపెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు దొర్లితే అంతే సంగతులు. కోడిగుడ్డులా అటూ ఇటూ తిప్పేది కాదు. తల్లి పెట్టిన లోతులోనే, అదే ఆకారంలో గుంట. ఇన్ని జాగ్రత్తలు పడ్డా కొన్ని గుంటలు పాడైపోతాయి.

ఇంకో సంగతి. పొదిగే వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. అందుకే ఎండ ముదిరితే మేం హేచరీ పైన నీడ వేస్తాం. తలపుతో పొదిగితే ఇంత చాకిరీ ఎందుకు పడతాం తాతగారూ.

వెటర్నరీ_వాణి
నక్షత్ర తాబేలుకూ అదే లెక్క. అట్టపెట్టెలో బల్బు పెట్టి పొదిగిస్తే అన్నీ ఒకే రకం పుట్టొచ్చు. పావెకరం దొడ్డిలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒకేచోట రెట్ట, అదేచోట మేత, పురుగులు పెరిగిపోతాయి. గుట్ట మీద అయితే ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ మేస్తుంది కాబట్టి ఆ బెడద తక్కువ.

గొర్రెలదారి
ఆ యూట్యూబు ఆదాయం మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకుంటా, ఎందుకంటే మా ఊళ్లో చూశాను. వాన పడిన మర్నాడు బైకు మీద ఒకడు వస్తాడు, వెనక వెదురు బుట్ట. పశువుల కాపరి పిల్లలతో మాటలు. అరచేతిలో ఇమిడే పిల్ల తాబేలు కావాలి, పెద్దది వద్దు. పిల్లలకు చాక్లెట్ డబ్బులు. ఆ బుట్ట చివరికి ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు అవుతుంది, తాబేలుకు టేపు చుట్టి, సాక్సులో కుక్కి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 పట్టుకుపోతున్నారని తేలింది. 2019లో సైటిస్ (అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాల ఒప్పందం)లో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలోకి దీన్ని తెచ్చారు, అంటే దేశాల మధ్య వ్యాపారమే బంద్. మన దేశంలో అయితే అంతకుముందు కూడా అమ్మడానికి అనుమతి లేదు. 'పెంచండి, మేం కొంటాం' అన్నవాడు మీ చేత ఏరిస్తున్నాడు, అంతే.

మెట్టచేను
ఆ వీడియో కింద వాట్సాప్ నంబరు ఉంది. మా బావమరిది దానికి మెసేజ్ పెట్టానని ఇప్పుడే చెప్పాడు. నాలుగోది 'శాంపిల్' అట. ఇంట్లో పెద్ద గొడవ జరుగుతోంది, తర్వాత వస్తా.

కుందేలు99
బావమరిది శాంపిల్‌ను కూడా షెడ్యూల్‌లో చేర్చాలి.

కాలనీ_కిట్టు
నాదొక వేరే కథ, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఆరేళ్ల కింద షాపులో చిన్న తాబేలు కొన్నాను, 'ఇది ఇంతే ఉంటుంది' అన్నారు. అది ఆఫ్రికా సల్కాటా అని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇద్దరం పట్టి ఎత్తాలి. కాంపౌండు గోడ కింద బొరియ తవ్వి పక్కింటి గులాబీల్లో తేలింది. దాన్ని మా మామగారి పొలంలో వదిలేద్దామా అనుకుంటున్నా. విశాలంగా ఉంటుంది.

వెటర్నరీ_వాణి
వద్దు. ఆ జాతి యాభై కిలోలు దాటుతుంది. పొలంలో వదిలితే ఒకటి, దానికి చలి పడక న్యుమోనియా రావచ్చు. రెండు, దాని జబ్బులు మన తాబేళ్లకు.

లా_పాయింటు
విదేశీ జాతి అయినా సైటిస్ జాబితాలో ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కిట్టూ, మీరు చేశారా?

కాలనీ_కిట్టు
పరివేష్ అంటే ఏంటి సార్

లా_పాయింటు
సరే. మీకు విడిగా మెసేజ్ పెడతాను.

డ్రిప్పుబాబు
మెట్టచేను అన్న లేనప్పుడు ఒకటి చెప్తా, గుడ్ల గురించి. పోయిన ఏడు అక్టోబరు, సాయంత్రం నాలుగున్నర. కంది సాళ్ల చివర గట్టు మీద ఒక ఆడది వెనక కాళ్లతో తవ్వుతోంది. నేల గట్టిగా ఉంది. ఒకేచోట నీళ్లు వదిలింది, నేల నల్లబడింది. తర్వాత కుడికాలితో ఒక గరిటెడు మట్టి, ఎడమకాలితో ఒక గరిటెడు. వెనక్కి తిరిగి చూడదు, అంతా కాళ్లకే తెలుసు. నేను స్ప్రేయరు భుజాన పెట్టుకుని అట్లే నిలబడిపోయా, గంట పైన. ఎన్ని పెట్టిందో కనబడలేదు, నాలుగో ఐదో. పూడ్చాక అడుగు డిప్పను ఎత్తి ఎత్తి నేలకేసి కొట్టింది, అలికినట్టు చదునైపోయింది. పక్కన నిలబడి చూసిన నేనే మర్నాడు చోటు పోల్చుకోలేకపోయా. కంది మొక్క గుర్తుంది కాబట్టి సరిపోయింది.

చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి, రోటవేటర్ డ్రైవరుకు ఆ గట్టు వైపు రావద్దన్నా. గడ్డిమందు కూడా కొట్టలేదు. పిల్లల్ని మాత్రం చూడలేదు. ఫిబ్రవరిలో చూస్తే బొటనవేలు పట్టేంత కన్నం ఉంది. అవి బయటికి వచ్చాయో, పాము లోపలికి పోయిందో నాకు తెలియదు.

వెటర్నరీ_వాణి
వేడిని బట్టి నెలన్నర నుంచి ఐదు నెలల దాకా పట్టొచ్చు, కాబట్టి లెక్క కుదురుతుంది. పుట్టినప్పుడు డిప్ప మీద నక్షత్రం గీతలు ఉండవు, పసుపు మీద కొన్ని నల్ల మచ్చలు అంతే. ఎండుటాకుల్లో కాలి కింద ఉన్నా కనబడదు.

ఇసుకతిన్నె
డ్రిప్పుబాబూ, ఇదే కదా హేచరీ అంటే. నాలుగు రాళ్లు, ఒక డ్రైవరు.

గొర్రెలదారి
గడ్డిమందు మాట వచ్చింది కాబట్టి. గట్టు శుభ్రంగా ఉండాలని అందరికీ పిచ్చి. మందు కొట్టి, మిగిలింది తగలబెట్టి, గుండు గీసినట్టు చేస్తారు. తాబేలుకు పగటి ఎండలో దూరేది ఆ కంపలోనే. నిప్పు పెడితే పరిగెత్తలేదు కదా. మా గుట్ట కింద కాలిన గట్టు మీద డిప్పలు ఏరిన రోజులున్నాయి.

పాతనోటు
గట్టు మీద కంప ఉంటే పాములొస్తాయి. మీ కబుర్లు బాగానే ఉన్నాయి, కోతకు వచ్చే ఆడకూలీలను అడగండి.

గొర్రెలదారి
ఇది న్యాయమైన మాట. మేం మనుషులు నడిచే గట్టు శుభ్రం చేస్తాం, గుట్టను ఆనుకున్న గట్టు మాత్రం ముట్టుకోం. తగలబెట్టాల్సి వస్తే ముందు కర్రతో కంప కొడుతూ ఒక చుట్టు తిరుగుతాం, ఒక వైపు తెరిచి పెట్టి రెండో వైపు నుంచి అంటిస్తాం. అయినా తాబేలు ఎంత దూరం పోతుందిలెండి. తగలబెట్టకపోవడమే మేలు.

మెట్టచేను
రెండు రోజులు కనబడనందుకు ఏమనుకోకండి. జరిగింది ఇది.

లా పాయింటు సార్ మాట విని అటవీ శాఖ రేంజి ఆఫీసుకు ఫోన్ చేశా. చేతులు వణికాయి. బీట్ ఆఫీసరు, ఇంకొకాయన వచ్చారు. ముందు గట్టిగానే మాట్లాడారు. పిల్లవాడు ఏ తాబేలును ఎక్కడ పట్టాడో మూడు చోట్లా తీసుకెళ్లి చూపించాడు, ఒకటి తుమ్మచెట్టు కింద, రెండు గుట్ట అంచు బండల దగ్గర. చోటు తేలింది కాబట్టి, రాసుకుని, వాళ్ల ముందే ఆ మూడింటినీ అక్కడే వదిలించారు. బండల దగ్గర వదిలినవాటిలో ఒకటి పది నిమిషాలు కదల్లేదు. తర్వాత ఒక్కసారి తల బయటపెట్టి, తిన్నగా బండ సందులోకి, ఇంటి అడ్రసు తెలిసినట్టు పోయింది.

నాలుగోదాన్ని వాళ్లు తీసుకెళ్లారు. ఎక్కడిదో తెలియనిదాన్ని ఇక్కడ వదలరట, పరీక్ష చేయించి జూకో రెస్క్యూ సెంటరుకో ఇస్తారట. బావమరిది ఫోనులో ఆ వాట్సాప్ నంబరు, మెసేజ్‌లు కూడా వాళ్లే తీసుకున్నారు. వాడు నాతో మాట్లాడటం లేదు. మా ఆవిడ కూడా సగమే మాట్లాడుతోంది.

మావాడు పెద్ద ఆడది జీపులో పోతుంటే ఏడ్చాడు. దానికి 'రాణి' అని పేరు పెట్టుకున్నాడట.

వెటర్నరీ_వాణి
మంచి పని చేశారు. పిల్లవాడికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఎప్పుడు, ఎక్కడ, ఆడదా మగదా, వానెంత, ఏం తింటోంది, ముట్టుకోకుండా రాయమనండి. డిప్ప మీద గీతలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, దూరం నుంచి ఫోటో తీసుకుంటే గుర్తుపట్టొచ్చు. ఫోటో మాత్రం చోటు పేరుతో నెట్‌లో పెట్టవద్దు, బైకు బుట్టవాళ్లు కూడా నెట్ చూస్తారు.

లా_పాయింటు
ఆ గుట్ట మీ సొంతమైతే ఒక మాట. సెక్షన్ 36సి కింద సొంత భూమిని కూడా ముందుకొస్తే 'కమ్యూనిటీ రిజర్వ్'గా ప్రకటించే వీలుంది. కానీ ఒకసారి ప్రకటించాక ఆ భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి కావాలి. అన్నదమ్ముల వాటాలు తేలకుండా అటు పోకండి.

మెట్టచేను
వాటాలు తేలేటట్టుంటే నాకు మామిడితోటే వచ్చేది సార్. ఇప్పటికి గుట్ట అంచు గట్టుకు గడ్డిమందు ఆపేశా. రేపు పాండుకు తాడు వేయాలి. డ్రిప్పుబాబు అన్నా, వల కన్నం ఎంత ఉండాలి?

డ్రిప్పుబాబు
నాలుగు వేళ్లు. ఇంకా పెద్దదైతే చిన్నవాటి కాలు ఇరుక్కుంటుంది. తాడు బొటనవేలంత లావు ఉండాలి, నైలాన్ వద్దు, తడిస్తే జారుతుంది. తాడు కొన నీళ్ల మట్టం తగ్గినప్పుడు కూడా అందాలి, చాలామంది అక్కడే తప్పు చేస్తారు. నేనూ చేశా.

గట్టుమీదగోపి
ఏటవాలుగా వెయ్యి, నిలువుగా కాదు. అది మనలా ఎక్కదు.

మెట్టచేను
సరే. తాడు మావాడే అల్లుతానంటున్నాడు. బావమరిది కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, ఏమీ అనకుండా ఒక కొస పట్టుకున్నాడు.

కుందేలు99
కొస వదలకుండా చూడండి, శాంపిల్ తీసుకుంటాడు.